పెట్టె సర్దడానికి రెండేళ్ల ముందే: ఒడిశా సరిహద్దు తెలుగు కుటుంబాలూ, కళాశాలకు తొలి ప్రయాణమూ

సంక్షిప్తంగా: గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల తెలుగు కుటుంబాల్లో పదో తరగతి ఫలితాలు రాగానే ఒక ప్రశ్న వస్తుంది. పిల్లలను ఇంటర్‌కు విశాఖపట్నం పంపాలా, ఒడిశాలోనే ప్లస్ టూ చదివించాలా? దీన్ని చదువు నాణ్యతకు, కోచింగ్‌కు, ఖర్చుకు సంబంధించిన ప్రశ్నగానే చూడడం పరిపాటి. అయితే ఆ పిల్లలు తరువాత ఏ రాష్ట్రం లెక్కలోకి వస్తారో, ఎక్కడ ఏ సీటుకు పోటీపడగలరో కూడా చాలావరకు అప్పుడే తేలిపోతుంది. డిగ్రీలోనో ఇంజనీరింగ్‌లోనో చేర్చే నాటికి తల్లిదండ్రుల చేతిలో మిగిలేది సామాను, ప్రయాణం, కాగితాలు. వీటిలో కాగితాల పనికే అన్నిటికంటే ఎక్కువ సమయం పడుతుంది, దాన్నే అందరూ చివరికి వదిలేస్తారు.

ఒకే విద్యార్థి, రెండు రాష్ట్రాలు

ప్రవేశాల కాలంలో బరంపురం స్టేషనులో విశాఖ వైపు బండికీ భువనేశ్వర్ వైపు బండికీ ఒకే రకం కుటుంబాలు ఎదురుచూస్తుంటాయి. కొత్త ట్రంకు పెట్టె, బకెట్టులో కుక్కిన దోమతెర, తండ్రి చంకలో సర్టిఫికెట్ల ఫైలు. వీరిలో ఎవరు ఏ ప్లాట్‌ఫాం మీద నిలబడ్డారన్నది ఇష్టాయిష్టాల మీద మాత్రమే ఆధారపడి ఉండదు.

ఆంధ్రప్రదేశ్ ప్రవేశాలకు మూలం రాజ్యాంగంలోని 371-డి అధికరణం. 1973 నాటి 32వ సవరణతో వచ్చిన ఈ అధికరణం కింద 1974లో వెలువడిన రాష్ట్రపతి ఉత్తర్వు, విశ్వవిద్యాలయ ప్రాంతాల వారీగా 85 శాతం సీట్లను స్థానిక అభ్యర్థులకు కేటాయించింది. స్థానికత లెక్కలో మాతృభాష లేదు, తాతల ఊరు లేదు. అర్హత పరీక్షతో ముగిసేలా వరుసగా నాలుగు విద్యాసంవత్సరాలు ఆ ప్రాంతంలో చదివి ఉండడమే ప్రధాన కొలమానం. ఇంటర్ అర్హతగా ఉన్న కోర్సులకు ఆ నాలుగేళ్లు తొమ్మిది, పది తరగతులు, ఇంటర్ రెండు సంవత్సరాలు. పదో తరగతి వరకు బరంపురంలోనో గుణుపురంలోనో చదివి ఇంటర్‌కు మాత్రమే విశాఖ వెళ్లినవారికి అందులో సగమే ఉంటుంది. "ఇంటర్ ఆంధ్రాలో చదివితే ఆంధ్రా సీటు వస్తుంది" అని సరిహద్దు ఊళ్లలో వినిపించే మాటకు ఆధారం లేదు.

మిగిలిన 15 శాతం సీట్లు అందరికీ తెరిచి ఉంటాయనుకోవడం రెండో పొరపాటు. ఆ కోటాలో పోటీపడాలంటే విద్యార్థి గాని, తల్లిదండ్రుల్లో ఒకరు గాని రాష్ట్రంలో పదేళ్లు నివసించి ఉండాలి, లేదా తల్లిదండ్రులు అక్కడి ప్రభుత్వ ఉద్యోగుల వంటి నిర్దిష్ట వర్గాల్లో ఉండాలి. బరంపురంలో ఒకే వీధిలో ఉన్న రెండు ఇళ్లను ఊహించుకుంటే తేడా తెలుస్తుంది. ఒక ఇంటి తండ్రి ఇచ్ఛాపురంలో పెరిగి, ఉద్యోగం కోసం ఇటు వచ్చినవాడు. ఆయన పాతికేళ్ల ఆంధ్ర నివాసం ఇప్పుడు కూతురికి పనికొస్తుంది. పక్కింటి కుటుంబం మూడు తరాలుగా బరంపురంలోనే ఉంది. ఇంట్లో తెలుగే మాట్లాడతారు, సంబంధాలు శ్రీకాకుళం జిల్లాలోనే కలుపుకుంటారు, అయినా ఆంధ్ర కన్వీనర్ కోటాలో (ప్రభుత్వ కౌన్సెలింగ్‌తో నింపే సీట్లలో) వారి అబ్బాయికి చోటు లేదు. ఇద్దరు పిల్లలూ ఒకే బడిలో, ఒకే బెంచీ మీద చదివి ఉండవచ్చు.

జాతీయ స్థాయి ప్రవేశాల్లో ఈ లెక్క తలకిందులవుతుంది. ఎన్‌ఐటీలలో (జాతీయ సాంకేతిక విద్యాసంస్థల్లో) సగం సీట్లు సొంత రాష్ట్రం కోటా కింద ఉంటాయి. అక్కడ సొంత రాష్ట్రమంటే పన్నెండో తరగతి ఎక్కడ పాసయ్యారో ఆ రాష్ట్రమే. ఇంటర్ విశాఖలో పూర్తిచేసిన రాయగడ విద్యార్థి రూర్కెలా ఎన్‌ఐటీలో సొంత రాష్ట్రం కోటా కోల్పోయి, తాడేపల్లిగూడెం ఎన్‌ఐటీలో ఆ కోటా పొందుతాడు. అంటే ఎన్‌ఐటీ దృష్టిలో అతను ఆంధ్రుడు, ఆంధ్ర విశ్వవిద్యాలయం దృష్టిలో స్థానికేతరుడు. నిబంధనలు విడివిడిగా చదివినప్పుడు ఇందులో వింత ఏమీ కనిపించదు. రెండూ ఒకే పిల్లవాడికి వర్తించినప్పుడే ఇబ్బంది బయటపడుతుంది.

ఒడిశా వైపు పరిస్థితి కొంత మెత్తగా ఉంటుంది. ప్లస్ టూ రాష్ట్రంలో పాసైనవారికి సమస్యే లేదు. బయట చదివినా తల్లిదండ్రుల శాశ్వత నివాసాన్ని పరిగణనలోకి తీసుకునే వీలు ఇంజనీరింగ్ ప్రవేశాల్లో ఉంది. అయితే అందుకు తహసీల్దారు ఇచ్చే రెసిడెంట్ లేదా నేటివిటీ సర్టిఫికెట్ కావాలి. కేంద్రీయ సంస్థలకు ఈ తగవులేవీ లేవు. కోరాపుట్‌లోని ఒడిశా కేంద్రీయ విశ్వవిద్యాలయం (2009), విజయనగరం జిల్లాలోని కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం (2019), బరంపురంలోని సైన్సు విద్యా పరిశోధన సంస్థ ఐసర్ (2016) అన్నీ దేశమంతటికీ ఒకటే తలుపు తెరుస్తాయి. సరిహద్దు కుటుంబాల సంభాషణల్లో వీటి పేర్లు రావలసినంతగా రావు.

ఇక ప్రైవేటు దారి. ఆంధ్రప్రదేశ్ ప్రైవేటు ఇంజనీరింగ్ కళాశాలల్లో 30 శాతం సీట్లు యాజమాన్య కోటావి. డీమ్డ్ విశ్వవిద్యాలయాల ప్రవేశాలు వేరు. విశాఖ వెళ్లే ఒడిశా తెలుగు విద్యార్థులకు ప్రధానంగా దొరికేవి ఈ సీట్లే. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం చెల్లించే ఫీజు రీయింబర్స్‌మెంట్ వీరికి అందదు. పక్క బెంచీ విద్యార్థికి ప్రభుత్వం కట్టే ఫీజు వీరికి తండ్రి జేబు నుంచే పోవాలి. ఇంటర్‌కు పంపేటప్పుడు రెండేళ్ల ఖర్చు లెక్కవేసుకున్న కుటుంబం తరువాతి నాలుగేళ్ల ఈ తేడాను సాధారణంగా లెక్కలోకి తీసుకోదు.

గీత ఎప్పటిది

1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక ప్రావిన్సుగా ఏర్పడేవరకు గంజాం, కోరాపుట్ ప్రాంతాలు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవి. చదువుల గీత మరికొన్నేళ్లు ఆలస్యంగా పడింది. 1943లో ఉత్కళ విశ్వవిద్యాలయం వచ్చేవరకు బరంపురం, పర్లాకిమిడి కళాశాలలు ఆంధ్ర విశ్వవిద్యాలయానికే అనుబంధంగా ఉండేవి. బరంపురంలో పుట్టి, ఖల్లికోట కళాశాలలో చదివి, 1913లో డబ్లిన్ వెళ్లిన వి.వి. గిరి కాలానికి "ఏ రాష్ట్రం విద్యార్థి" అనే ప్రశ్నే లేదు. నేటి తాతల తరం విశాఖను పరాయి రాష్ట్రంగా చూడకపోవడానికి, తమ అనుభవం మనవలకు వర్తిస్తుందని నమ్మడానికి ఈ నేపథ్యం కొంత కారణం.

కాగితం మీద ముగ్గురు

సరిహద్దు కుటుంబాలను ఎక్కువగా తిప్పించేది పేరు. తెలుగువారికి ఇంటిపేరు ముందు, ఒడిశా దరఖాస్తుల్లో ఇంటిపేరు చివర. ఉదాహరణకు మెట్రిక్ (పదో తరగతి) సర్టిఫికెట్‌లో "బి. లక్ష్మీ ప్రసన్న", ఆధార్‌లో "బొడ్డేపల్లి లక్ష్మీ ప్రసన్న", బ్యాంకు పుస్తకంలో "లక్ష్మీ ప్రసన్న బి." అని ఉన్నది ఒకే అమ్మాయి అయినా, ఆన్‌లైన్ దరఖాస్తు దృష్టిలో ముగ్గురు. తండ్రి పేరు దగ్గర చిక్కు మరింత ముదురుతుంది. ఒడియా రాతలో "వ"కు సాధారణంగా "బ" అక్షరమే వాడతారు కాబట్టి భూమి పట్టాలో వెంకటరావు "బెంకట రాఓ" అవుతాడు. దాన్ని మళ్లీ ఇంగ్లీషులోకి ఎక్కించిన గుమాస్తా ఏ అక్షరం ఎంచుకున్నాడన్నది రెసిడెంట్ సర్టిఫికెట్ చేతికి వచ్చేవరకు తెలియదు.

దీన్ని సరిచేసే వరుసక్రమం ముఖ్యం. బోర్డు ఇచ్చిన మెట్రిక్ సర్టిఫికెట్‌ను మార్పించడం కష్టం, అందుకు బడి ద్వారా బోర్డు దాకా వెళ్లాలి. ఆధార్‌లో పేరును రెండుసార్లు, పుట్టిన తేదీని ఒకసారి మార్చుకునే వీలుంది. కాబట్టి మెట్రిక్‌లో ఉన్నదాన్ని ప్రమాణంగా తీసుకుని మిగతావాటిని దానికి దింపుకోవడమే దగ్గర దారి. చాలా ఇళ్లలో దీనికి విరుద్ధంగా ఆధార్‌ను ముందు "పూర్తి పేరు"తో మార్పించి, ఆ తరువాత సర్టిఫికెట్‌తో కుదరక మళ్లీ మార్పిస్తారు. రెండు అవకాశాలూ అక్కడితో అయిపోతాయి. పదిహేనేళ్లకు చేయించవలసిన వేలిముద్రల నవీకరణ మరచిపోవడం కూడా ఇలాంటిదే. ఆ లోపం ఇంట్లో ఉన్నంతకాలం కనిపించదు, వేలిముద్ర అడిగే పరీక్ష కేంద్రం గుమ్మంలో బయటపడుతుంది.

రెండు రాష్ట్రాలు ఒకే కాగితాన్ని వేర్వేరు పేర్లతో అడగడం మరో చిక్కు. ఒడిశాలో ప్లస్ టూ అయ్యాక కళాశాల ఇచ్చేది సీఎల్‌సీ (కాలేజీ లీవింగ్ సర్టిఫికెట్). ఆంధ్ర కౌంటర్లో దాన్ని టీసీ అంటారు. ఆంధ్రలో ఆరో తరగతి నుంచి ఇంటర్ వరకు స్టడీ సర్టిఫికెట్లు అడుగుతారు. ఒడిశా బడుల్లో అలాంటి పత్రం ఏటా ఇచ్చే అలవాటు లేదు కనుక పాత బడికి వెళ్లి రాయించుకోవాలి. బోర్డు మారేటప్పుడు మైగ్రేషన్ సర్టిఫికెట్ కూడా కావాలి. ఈ జాబితా ప్రవేశాలకు ముందే చేతిలో ఉన్న తల్లిదండ్రులు మేలో బడి గుమస్తాను పట్టుకోగలుగుతారు. లేనివారు జులైలో రైలెక్కి వెనక్కి వస్తారు.

కుల ధ్రువీకరణ విషయం దీనికంటే లోతైనది. ఎస్సీ, ఎస్టీ జాబితాలు రాష్ట్రాల వారీగా నోటిఫై అవుతాయి. ఒక రాష్ట్రంలో ఉన్న హోదా మరో రాష్ట్రానికి వలసతో పాటు రాదని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 1990లో స్పష్టం చేసింది. ఆ తీర్పుకు దారితీసినది కూడా ఆంధ్ర నుంచి మహారాష్ట్రకు వెళ్లిన ఒక తెలుగు కుటుంబపు విద్యార్థి వైద్య ప్రవేశమే. వెనుకబడిన తరగతులకూ ఇదే వర్తిస్తుంది. ఆంధ్రలో బీసీ జాబితా ఏ, బీ, సీ, డీ, ఈ విభాగాలుగా ఉంటే, ఒడిశాలో ఎస్‌ఈబీసీ (సామాజికంగా, విద్యాపరంగా వెనుకబడిన తరగతుల) జాబితా వేరు, కేంద్ర ఓబీసీ జాబితా ఇంకా వేరు. పెళ్లి సంబంధాల్లో ఒకటే అనుకున్న కులం ప్రవేశ దరఖాస్తులో మూడు గడుల్లో మూడు రకాలుగా ఉండవచ్చు. బంధువుల పిల్లలకు వచ్చిన రిజర్వేషన్ తమకూ వస్తుందని లెక్కవేసుకున్న కుటుంబాలు దెబ్బతినేది ఇక్కడే.

అసలు సర్టిఫికెట్లు ఎక్కడున్నాయి

ఇటీవలి సంవత్సరాల్లో ఆంధ్ర ఇంటర్ ఫలితాలు ఏప్రిల్‌లో, ఒడిశా ప్లస్ టూ ఫలితాలు మే రెండో సగంలో వెలువడుతున్నాయి. దాంతో ప్రైవేటు విశ్వవిద్యాలయాలు ముందుగా సీటు ఖాయం చేసి డబ్బు కట్టించుకుంటాయి, రాష్ట్ర కౌన్సెలింగ్‌లు తరువాత వస్తాయి. భద్రత కోసం ఒకచోట చేరి, మెరుగైన సీటు కోసం మరోచోట చూడడం సరిహద్దు కుటుంబాలకు దాదాపు తప్పనిసరి. ఈ దశలో మొదటి కళాశాల అసలు సర్టిఫికెట్లను తన దగ్గర పెట్టుకుంటే రెండో కౌన్సెలింగ్‌కు దారి మూసుకుపోతుంది. అసలు పత్రాలను సరిచూసి వెంటనే తిరిగి ఇవ్వాలని, మానుకున్నవారికి గడువును బట్టి ఫీజు వాపసు చేయాలని యూజీసీ 2018 అక్టోబరులో జారీచేసిన నోటిఫికేషన్ చెబుతుంది. కౌంటర్ దగ్గర ఈ మాట ఎత్తే తల్లిదండ్రులు తక్కువ. కొత్త చోట, కొత్త భాషలో, బిడ్డ పక్కన నిలబడి ఉండగా వాదనకు దిగడానికి ఎవరికీ మనసొప్పదు. అందుకే చేరకముందే, సీటు ఖాయం చేసుకునేటప్పుడే ఈమెయిల్లో అడిగి జవాబు తెప్పించుకోవడం నయం.

చదవలేని మాతృభాష

బరంపురం, రాయగడ పిల్లల్లో చాలామందికి తెలుగు వినికిడి భాష. అమ్మతో, అమ్మమ్మతో మాట్లాడతారు, బడిలో ఒడియా గాని ఇంగ్లీషు గాని చదువుతారు. ప్లస్ టూలో మాతృభాష పత్రంగా తెలుగు ఎంచుకునే అవకాశం ఒడిశా మండలి ఇస్తున్నా, తెలుగు బోధించే అధ్యాపకుడు ఉన్న కళాశాల దొరకాలి. ఈ పిల్లలు విశాఖ వెళ్లినప్పుడు మాటలో పరాయితనం కనిపించదు కాబట్టి, చదవలేరన్న సంగతి ఎవరికీ తట్టదు. హాస్టల్ నోటీసు బోర్డు, బస్సు మీద ఊరి పేరు, బ్యాంకు చలానా వీరికి బొమ్మలే. ఉత్తరాంధ్ర యాస మీద ఒడియా మాటలు చేరిన వీరి పలుకు మొదటి కొన్ని వారాలు హాస్టల్ గదుల్లో నవ్వులకు సరుకవుతుంది.

భువనేశ్వర్ వెళ్లినవారి ఇబ్బంది దీనికి తిరగేసినట్టు ఉంటుంది. లిపి తెలుసు, పాఠం తెలుసు, యాస పట్టిస్తుంది. తెలుగువారిని ఉద్దేశించిన "తెలెంగా" అనే పిలుపు కొన్నిసార్లు చనువుగా, కొన్నిసార్లు ఎత్తిపొడుపుగా వినిపిస్తుంది. అయితే దీర్ఘకాలిక ప్రభావం చూస్తే బరువు ఒడియా వైపే మొగ్గుతుంది. ఒడిశా ప్రభుత్వ ఉద్యోగాలకు ఒడియా చదవడం, రాయడం, మాట్లాడడం రావాలి. ఏడో తరగతి, అంటే అక్కడి మాటలో ఎం.ఈ. స్థాయి ఒడియా ఉత్తీర్ణతను అడుగుతారు. ఆంధ్ర వైపు చదువుకు పంపే ఆలోచనతో చిన్నప్పటి నుంచే ఒడియాను పక్కనపెట్టిన కుటుంబాలకు ఆంధ్రలో స్థానికతా లేక, ఒడిశాలో భాషా లేక రెండు వైపులా తలుపులు దగ్గరపడతాయి. మెరుగైన చదువు కోసం చేసిన ఏర్పాటు చివరికి అవకాశాలను తగ్గించడం ఈ మొత్తం వ్యవహారంలో గమనించవలసిన మలుపు.

సామాను, సంతకాలు

సామాను గురించి చెప్పవలసింది తక్కువ, ఇళ్లలో జరిగే చర్చ మాత్రం ఎక్కువ. బకెట్టు, మగ్గు, తాళం, బల్బు అన్నీ విశాఖలోనూ భువనేశ్వర్‌లోనూ దొరుకుతాయి. మెస్సులో రోజూ డాల్మా (కూరగాయలు వేసి వండే ఒడిశా పప్పు) తినవలసి వస్తుందన్న బెంగతో ఆవకాయ సీసా మాత్రం ఏ ఇంటినుంచైనా బయలుదేరుతుంది. మూత కింద పాలిథిన్ కాగితం వేసి, పైన గుడ్డచుట్టి దారంతో బిగించినా, పైబెర్తు మీద పెట్టె పక్కకు ఒరిగితే పలాస దాటేలోపు నూనె దారి చేసుకుంటుంది. సర్టిఫికెట్ల ఫైలు అదే సంచిలో ఉంటే మార్కుల జాబితా మీద పడ్డ ఎర్ర మరక నాలుగేళ్లూ వెంట ఉంటుంది. ఫైలును విడిగా, చేతిసంచిలో ఉంచి, ప్రతి పత్రాన్ని డిజిలాకర్‌లో కూడా పెట్టుకోవడం సామాను విషయంలో ఉన్న ఒకే ఒక్క కచ్చితమైన సలహా.

చేరిక రోజున తల్లిదండ్రులు చదవకుండా సంతకం పెట్టే కాగితాల్లో ర్యాగింగ్ వ్యతిరేక ప్రమాణపత్రం ఒకటి. యూజీసీ 2009 నిబంధనల ప్రకారం విద్యార్థి ఒకటి, తల్లి గాని తండ్రి గాని ఒకటి ఇవ్వాలి. ర్యాగింగ్‌కు పాల్పడితే వచ్చే శిక్షలు అందులోనే ఉంటాయి. బాధితుడు చేయవలసిన ఫోను నంబరు 1800-180-5522, ఇది దేశమంతటికీ ఒకటే. భాష కారణంగా వేరుగా కనిపించే విద్యార్థులు సులభంగా గురి అవుతారు కనుక, ఆ నంబరు తండ్రి ఫైలులో కంటే పిల్లల ఫోనులో ఉండడం అవసరం.

ఓటీపీ ఎవరి ఫోనుకు వస్తుంది

ఇల్లు విడిచినా వేరుపడని బంధం ఇప్పుడు ఫోను నంబరు. ఆధార్, బ్యాంకు ఖాతా, స్కాలర్‌షిప్ పోర్టల్ అన్నీ తండ్రి నంబరుతో ముడిపడి ఉంటాయి. భువనేశ్వర్‌లో కౌంటర్ ముందు కూతురు నిలబడి ఉంటుంది, ఓటీపీ గుణుపురం పక్క పొలంలో ఉన్న తండ్రి ఫోనుకు వస్తుంది. సిగ్నల్ అంది, అంకెలు చదివి వినిపించేలోపు గడువు తీరిపోతుంది. దరఖాస్తుకు దరఖాస్తుకు ఇదే తంతు. ఎస్సీ, ఎస్టీ పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ సొంత రాష్ట్రమే ఇస్తుంది కాబట్టి, బయటి రాష్ట్రంలో చదువుతున్నా ఒడిశా పోర్టల్‌లోనే దరఖాస్తు చేయాలి. డబ్బు ఆధార్‌తో జతపడ్డ ఖాతాలోకే వస్తుంది.

నంబరు మార్చడం చిన్న పనే. అయినా చాలా కుటుంబాలు మార్చవు. పిల్లలకు వచ్చే ప్రతి సందేశం ముందు తమకు చేరుతుందన్న ధైర్యం ఒక కారణం, తండ్రి నంబరు మారదన్న నమ్మకం మరొకటి. మైనరు ఖాతా పద్దెనిమిదేళ్లు నిండగానే కొత్త సంతకం, కొత్త పత్రాలు అడుగుతుంది. డిగ్రీ మొదటి ఏడాదిలోనే చాలామందికి ఆ పుట్టినరోజు వస్తుంది. సొంత శాఖ రాయగడలో, విద్యార్థి విశాఖలో ఉన్నప్పుడు ఖాతా స్తంభించిన సంగతి మెస్ బిల్లు కట్టే రోజునే తెలుస్తుంది.

ఈ జిల్లాలకున్న ఒక వెసులుబాటు దూరం తక్కువ కావడం. పర్లాకిమిడి నుంచి పాతపట్నం పక్కనే, గుణుపురం నుంచి నౌపడా మీదుగా విశాఖకు నేరుగా ప్యాసింజరు బండి ఉంది, బరంపురం హౌరా–చెన్నై ప్రధాన మార్గం మీదే ఉంది. శనివారం వచ్చి ఆదివారం రాత్రికి తిరిగి వెళ్లడం సాధ్యం. మొదటి నెలల్లో ప్రతివారం ఇంటికి వచ్చేవారికి హాస్టల్లో స్నేహాలు ఆలస్యంగా కుదురుతాయి, ఎందుకంటే గదుల్లో పరిచయాలు పెరిగేది తరగతులు లేని ఆ రెండు రోజుల్లోనే. దూరం ఎక్కువైన కోరాపుట్, మల్కనగిరి పిల్లలకు ఈ ప్రలోభం ఉండదు.

ప్రాణహిత ఒడ్డున

మహారాష్ట్ర సరిహద్దులోనూ ఇలాంటి స్థితే ఉంది, కొన్ని తేడాలతో. గడ్చిరోలి జిల్లా సిరోంచలో తెలుగు వీధి భాష. జిల్లా కేంద్రం రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరం, గోదావరి మీద కాళేశ్వరం వంతెన దాటితే తెలంగాణ. చదువుకు వరంగల్ దగ్గర, సీటుకు మహారాష్ట్ర దగ్గర. తెలంగాణలోనూ స్థానికతకు 371-డి నాలుగేళ్ల కొలమానమే వర్తిస్తుంది. తేడా ఏమిటంటే, బరంపురంలో ఖల్లికోట, 1967 నాటి విశ్వవిద్యాలయం, వైద్య కళాశాల ఇంటి పక్కనే ఉన్నాయి. సిరోంచ పిల్లలకు ఏ వైపు చూసినా ప్రయాణమే. గోండ్వానా విశ్వవిద్యాలయం 2011లో గడ్చిరోలిలో వచ్చినా, సిరోంచకు అది దగ్గరేమీ కాదు.

రెండో సంతానం

మొదటి బిడ్డ విషయంలో తండ్రి చేసిన పనులు రెండో బిడ్డకు వచ్చేసరికి అక్కకో అన్నకో బదిలీ అవుతాయి. ఏ పత్రం ఏ పేరుతో అడుగుతారో, ఏ కార్యాలయంలో ఎన్ని రోజులు పడుతుందో వారికి తెలుసు. కోచింగ్ సంస్థల ఏజెంట్లు పదో తరగతి ఇళ్లకు వచ్చి చెప్పే మాటలను ముందుగా తూచగలిగేది కూడా వీరే. ఈ కారణంగా ఒకరు బయటకు వెళ్లి చదివిన ఇంట్లో రెండోవారి ఇంటర్ నిర్ణయం తరచు భిన్నంగా ఉంటుంది. పిల్లలను ప్లస్ టూ వరకు బరంపురంలోనే ఉంచి, ఆపైన దూరం పంపే పద్ధతికి ఇలాంటి కుటుంబాల్లో మొగ్గు కనిపించడం సహజం.

ఆ అనుభవానికీ కాలపరిమితి ఉంది. విభజన చట్టం ఇచ్చిన పదేళ్ల ఉమ్మడి ప్రవేశాల గడువు 2024 జూన్ 2తో ముగిసింది. ఇచ్ఛాపురం నుంచి వచ్చిన పై ఉదాహరణలోని తండ్రి, 2023లో పెద్దమ్మాయి కోసం హైదరాబాదు స్థానికేతర కోటాను (అక్కడి 15 శాతం సీట్లను) కూడా లెక్కలో పెట్టుకోగలిగేవాడు. ఇప్పుడు పదో తరగతిలో ఉన్న అబ్బాయికి అక్క దాచిన ఫైలు ఉంది, అందులోని పత్రాలన్నీ పనికొస్తాయి, హైదరాబాదు పేరు రాసిన కాగితం తప్ప.